యంత్రమునకు సొగసేల?

పనిచేయు యంత్రమునకు సొగసేల యని కొందఱందురు. మేమట్లు తలంపము. 1998వ సంవత్సరమున అమెరికాలో ఆపిల్ సంస్థవారు ఐమాక్ అను కంప్యూటరును వెలువరించిరి. అంతకుమున్ను ఇండ్లలోని కంప్యూటర్లు చాలవఱకు వెలిసిన గోధుమవన్నె పెట్టెలే. దీని రూపమును జానథన్ ఐవ్ గారి బృందము తీర్చినది: లోని భాగములు మసకగా కానవచ్చు నీలిపెంకు, నెత్తిన నొక పిడి. ఆ పిడి మోయుటకంటె, యంత్రమును జూచి జంకువారికి తాకుటకు చనువిచ్చుటకే యుద్దేశింపబడినది. మఱుసటి యేట నిమ్మ, నారింజ, ద్రాక్ష మొదలగు ఐదు పండ్ల వన్నెలలో వచ్చెను. చీరల యంగడిలోవలె రంగు నెంచుకొనుట కంప్యూటరు కొనువారికి క్రొత్త ముచ్చట!

అయినను దానితో వచ్చిన గుండ్రని మౌసు మాత్రము కంటికి ముద్దు, చేతికి మొద్దు. ముందువై పేదో తడిమినను తెలియదు. చేతి కిమడని గరిటెతో మనము పడు పాట్లే వారును పడిరి. 2000లో ఆ సంస్థవారే దానిని మాని కోలగా నున్నదాని నిచ్చిరి.