ల్యాప్‌టాప్‌కి ఎండాకాలం లెక్కలు

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. బెజవాడలో బయట 43 డిగ్రీలు, ఏసీ లేని గదిలో 38. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెట్టారు. మొదటి నిమిషం బార్ చకచకా కదిలింది. ఆ తర్వాత ఫ్యాన్ గుయ్యిమని ఎత్తుకుంది, బార్ నత్తనడక పట్టింది. ఇంకా 40 నిమిషాలు అని చూపించింది కాస్తా గంట దాటిపోయింది. ల్యాప్‌టాప్ పాడైందేమోనని కంగారు పడతాం. పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది.

ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి పై హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ వాటికి 95. ఆ గీత దగ్గర పడగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. ఈ తెలివి అన్ని చిప్‌లకూ మొదటినుంచీ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్లలో చిప్‌ని చల్లబరిచే హీట్‌సింక్ పీకేసి వీడియో తీశారు. ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికిపోయింది. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కింది. ఇప్పుడు అలా కాలిపోదు కాబట్టి, వేడికి మనం కట్టేది టైము రూపంలో.

ఇంత వేడి ఎక్కడిదంటారా? ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్ కోర్ ఐ9-13900కె పూర్తి బరువు మీద 253 వాట్ల దాకా లాగుతుంది. లోపలి సిలికాన్ ముక్క వైశాల్యం దాదాపు రెండున్నర చదరపు సెంటీమీటర్లు, బొటనవేలి గోరంత. అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 100 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అక్కడ వచ్చేది 5 వాట్లే. ఇరవై ఇస్త్రీ పెట్టెల వేడిని ఒకే అడుగులోకి కుక్కినట్టు.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. చిప్ ఎంత వేడెక్కుతుందో నిర్ణయించేది దాని వాట్లు, గది గాలి. ఫ్యాన్ వేగం మారకపోతే, గాలికీ చిప్‌కీ మధ్య తేడా దాదాపు అంతే ఉంటుంది. 25 డిగ్రీల గదిలో చిప్ 85 దగ్గర నిలబడిందంటే తేడా 60. అదే పని 38 డిగ్రీల గదిలో చేయిస్తే 98. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మొరాయించడంలో వింతేమీ లేదు. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను 35 డిగ్రీల లోపు గదిలోనే వాడమంటుంది. మన మే నెల ఆ హద్దును మధ్యాహ్నం కాకముందే తొక్కేస్తుంది.

దీన్నే తిప్పి చూడండి. 38 డిగ్రీల గదిలో చిప్‌కి 100 దాకా మిగిలిన జాగా 62 డిగ్రీలు, 28 డిగ్రీల గదిలో 72. మొదటి గదిలో 45 వాట్లు మోసే కూలింగ్ రెండో గదిలో 52 మోస్తుంది. కొత్తగా కొన్నది ఏమీ లేదు. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండల్లో మామూలు రూమ్ కూలర్ కూడా గాలిని పది డిగ్రీల దాకా దించగలదు. తేమతో ఉక్కపోసే కోస్తాలో అంత ఆశ పెట్టుకోకండి. కూలర్ తేమకి లోపల నీరు పడుతుందన్న భయం అక్కర్లేదు, నడుస్తున్న చిప్ గాలికన్నా వేడిగానే ఉంటుంది. తుంపర్లు నేరుగా పడకుండా చూసుకుంటే చాలు. ఐస్ ప్యాక్‌లు పెట్టే వాళ్లున్నారు. ఆ పని మాత్రం వద్దు, చల్లబడిన చోట నీరు పట్టేది అప్పుడే.

గాలి చల్లబరిచే దారి లేకపోతే వాట్లు తగ్గించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన మందు ఇదే. చిప్ లాగే వాట్లు వేగంతో పాటు పెరుగుతాయి, వోల్టేజీకి మాత్రం వర్గంగా పెరుగుతాయి. వేగం, వోల్టేజీ రెండూ 10 శాతం తగ్గితే 0.9ని మూడుసార్లు గుణించాలి: 0.73. పది శాతం వేగం వదులుకుంటే 27 శాతం వేడి పోయింది. ఇందాకటి 60 డిగ్రీల తేడా 44కి దిగుతుంది, చిప్ 98 నుంచి 82కి వస్తుంది.

విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99 చేస్తే, చిప్ మామూలు వేగం దాటి పరుగెత్తే టర్బో ఆగిపోతుందని చాలామంది చెబుతారు. నిజమే, కానీ అది గొడ్డలి పెట్టు. కోర్ ఐ7-12700హెచ్ 4.7 గిగాహెర్ట్జ్ దాకా ఎగరగలదు, టర్బో లేకపోతే 2.3. ముందు ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాప్‌లో బ్యాలెన్స్‌డ్ మోడ్ పెట్టి చూడండి. గేములాడే వాళ్లకి ఇంకా సులువు. 60 హెర్ట్జ్ తెర మీద సెకనుకి 140 ఫ్రేములు గీయిస్తే 80 వృథా. 60కి కట్టేస్తే ఆ మేరకు వేడీ దిగుతుంది.

ఇక దుమ్ము. రెండేళ్లు వాడిన ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పితే ఫ్యాన్ శుభ్రంగానే కనిపించవచ్చు. ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య చూడండి. అక్కడ బూడిద రంగులో, దూది పరుపు చించినట్టు ఒక పొర పేరుకుని ఉంటుంది. గాలి బయటికి పోయే దారి అదే. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని పుల్లతో ఆపి పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది. చిప్ మీద థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే అదీ మార్పించాలి. రాగి వేడిని మోసే శక్తి 400 అయితే గాలిది 0.026. చిప్‌కీ దాని మీది రాగికీ మధ్య సన్నని సందుల్లో గాలి చేరకుండా చూడటమే పేస్ట్ పని.

పరుపు మీద పెట్టుకుని వాడితే ఇవన్నీ దండగ. చాలా ల్యాప్‌టాప్‌లు గాలి పీల్చేది అడుగునుంచే. కూలింగ్ ప్యాడ్ చేసే మేలులో పెద్ద వాటా ల్యాప్‌టాప్‌ని కాస్త ఎత్తి పెట్టడమే. ఆ పని వెనక కాళ్ల కింద రెండు సీసా మూతలు కూడా చేస్తాయి.

ఫలితం తెలియాలంటే ఎక్స్‌పోర్ట్ పెట్టి టాస్క్ మేనేజర్ తెరవండి. గిగాహెర్ట్జ్ అంకె మొదటి నిమిషంలో ఎంతుందో, పదో నిమిషంలో ఎంతుందో రాసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి గది 30 డిగ్రీలకి దిగినప్పుడు మళ్లీ అదే ఫైలు పెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి.