గుండెదడ భయమునకు చికిత్స: దేనిని ఎన్నుకొనవలెను?

సంతలో బేరమాడుచున్న మనిషికి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకొనును. ఊపిరి ఆడదు, చేతులు వణకును, ప్రాణము పోవుచున్నదని తోచును. కొద్ది నిమిషములలోనే బాధ తారస్థాయికి చేరి క్రమముగా తగ్గిపోవును. ఇది పలుమార్లు వచ్చి, మరల ఎప్పుడు వచ్చునో యను దిగులు నెలకు పైబడి నిలిచినచో దానిని వైద్యులు పానిక్ డిజార్డర్ అందురు. కొందరు ఈ భయముచేత బస్సెక్కుట, సంతకు పోవుట మానివేయుదురు. కూలికి పోవు మనిషి ఇల్లు కదలనిచో ఆ కుటుంబము గతి ఏమగునో పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

మొదట వైద్యునిచే గుండెను, థైరాయిడ్ గ్రంథిని, రక్తహీనతను పరీక్ష చేయించవలెను. క్రొత్తగా ఛాతీనొప్పి వచ్చినవారిని, ముఖ్యముగా పెద్దవయసు వారిని, 'ఇది వట్టి భయమే' యని ఇంట ఉంచరాదు. అయితే గుండె బాగున్నదని తేలిన పిదప కూడ ఊరూర తిరిగి అవే పరీక్షలకు అప్పు చేయుట వృథా. దిష్టి తీయించుటతో సరిపెట్టి నెలలు గడపుటయు అట్టిదే.

చికిత్సలలో ఎక్కువ నిదర్శనము గలది ఆలోచనా ప్రవర్తనా చికిత్స. 1986లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ క్లార్క్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధి నడకను ఇట్లు వివరించెను: గుండె కొంచెము వేగముగా కొట్టుకొనగా రోగి దానిని చావునకు సూచనగా ఎంచును, ఆ తలంపు భయమును పెంచును, భయము గుండెవేగమును మరింత పెంచును. ఈ చక్రమును త్రెంచుటయే చికిత్స. అందుకై రోగిచేత ఉన్నచోటనే పరుగెత్తించి, గిరగిర తిరిగించి, ఆ దడనే కావలెనని తెప్పింతురు. దడ వచ్చినను ప్రాణము పోలేదని శరీరమే నేర్చుకొనును. పిదప మానివేసిన పనులను మెల్లమెల్లగా చేయింతురు: నేడు బస్సులో ఒక స్టేజి, మరునాడు రెండు. తోడు వచ్చిన బంధువు క్రమముగా తప్పుకొనవలెను. లేనిచో రోగి ధైర్యమంతయు ఆ తోడుమీదనే నిలిచిపోవును. ఇట్టి చికిత్స సాధారణముగా పది పదిహేను సిట్టింగులలో ముగియును.

నెమ్మదిగా ఊపిరి పీల్చు అభ్యాసము, కండరములను సడలించుట కొంత ఉపశమనము నిచ్చును గాని, అవి మాత్రమే చాలునని మేము చెప్పము. కాగితపు సంచిలో ఊపిరి విడువుమను పాత సలహాను విడిచిపెట్టవలెను. మనసులోని పాత వ్యథలను తరచి చూచు చికిత్స ఇంకొకటి గలదు. 2007లో న్యూయార్కులో వెలువడిన ఒక పరిశోధనలో అది సడలింపు అభ్యాసముకంటె మేలైన ఫలితము నిచ్చెను. కాని అందులో తర్ఫీదు పొందినవారు మన జిల్లాలలో అరుదు.

చికిత్సకుడు దొరకనిచో, లేక రోగికి తీవ్రమైన క్రుంగుబాటు కూడ ఉన్నచో, మందు మంచిమార్గము. సెర్ట్రలిన్ వంటి మందులు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. మొదటి రోజులలో ఆందోళన కొంచెము హెచ్చవచ్చును గనుక తక్కువ మోతాదుతో ఆరంభింతురు. గుణము కనబడినంతనే హఠాత్తుగా మానరాదు. గర్భవతులు ఆ సంగతిని వైద్యునికి ముందే తెలుపవలెను. అల్ప్రజోలమ్ సంగతి వేరు. అది త్వరగా నెమ్మది నిచ్చును, అంతే త్వరగా అలవాటుగ మారును. దానిని వైద్యుని చీటీ లేకుండ అమ్ముట చట్టవిరుద్ధము. మీ ఊరి మందుల దుకాణముపై ఒక కన్నుంచుట మంచిది.

ఎవరిని అడుగవలెనో తెలియనిచో 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ ఇది. రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే సలహా లభించును. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగమునందు కూడ విచారింపవచ్చును. విశాఖపట్నములోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు గలవు. అక్కడికి పోయినవారిని పిచ్చివారని హేళన చేయుదురను భయముచేతనే పలువురు ఆగిపోవుచున్నారు. మొదటిసారి పోవువారితో ఒక సభ్యుడు గాని, ఆశా కార్యకర్త గాని వెంట వెళ్లినచో ఆ జంకు చాలవరకు తగ్గును.