న్యాయస్థానపు ఆట – ఆడినవారి తీర్పు



నేడు నేను మీతో ముచ్చటింప దలచిన విషయము వినగానే కొందరకు నవ్వు రావచ్చును. ఇది పిల్లలు సెల్‌ఫోనులోను కంప్యూటరులోను ఆడు వీడియో ఆటను గూర్చిన ప్రసంగము. పొద్దస్తమానము ఆ గాజుపలకను చూచుచు కూర్చుండు మనుమలను మందలించుటకే మనకు తీరిక చాలకున్నది గదా, దానిని గూర్చి ఉపన్యాసము కూడ నెందుకని మీరడుగవచ్చును. నిజమే. కాని ఆ ఆటలన్నియు తుపాకులును పరుగుపందెములును మాత్రమే కావు. వానిలో నొక తెగ కలదు. అందు ఆడువాడు వకీలగును. సాక్షి చెప్పు మాటను వినును. ఆ మాటలో అబద్ధమెచ్చట దాగియున్నదో వెదకును. దొరకిన వెంటనే ఆధారము చూపి సాక్షిని నిలువదీయును. ఈ పని కర్నూలు, కడప సీమల రచ్చబండలకు క్రొత్తది కాదు. కనుకనే ఈ ఆటను గూర్చి తీర్పు చెప్పుటకు మీకంటె తగినవారు లేరని తలచి, మీ యెదుట దీనిని విచారణకు పెట్టుచున్నాను.

ముందుగా ఈ తెగ ఎట్లు పుట్టినదో చెప్పెదను. 2001వ సంవత్సరము అక్టోబరులో జపాను దేశమున క్యాప్‌కామ్ అను సంస్థవారు ‘గ్యాకుటెన్ సైబాన్’ అను ఆటను వెలువరించిరి. తలక్రిందులైన విచారణ యని దాని భావము. దానిని కల్పించినవాడు షూ టకుమీ అను నతడు. తరువాత నది ‘ఏస్ అటార్నీ’ అను పేరుతో లోకమంతట ప్రాకినది. అందలి వకీలు ప్రతివాదిపక్షమువాడు. ముద్దాయి నిర్దోషియని నమ్మి, హత్య జరిగిన చోటికి పోయి ఆధారములు సేకరించి, న్యాయస్థానమున సాక్షులను ప్రశ్నించును. సాక్షి వాఙ్మూలము వాక్యము వాక్యముగా తెరపై కనబడును. ఏ వాక్యము చేతిలోని ఆధారముతో పొసగదో దానిని ఆడువాడు పట్టుకొనవలెను. పొరపాటున మంచి వాక్యమును తప్పుపట్టినచో న్యాయాధిపతి మందలించును. పలుమారులు పొరబడినచో వ్యాజ్యమే పోవును.

ఆ మార్గమును చూచి, పెద్ద సంస్థల ఆశ్రయము లేక, నలుగురైదుగురు కలసి సొంతముగా ఆటలు కట్టువారు కూడ ఇట్టివానిని చేయసాగిరి. వారిని స్వతంత్ర నిర్మాతలందురు. అట్టివానిలో నొకటి ‘ఏవియరీ అటార్నీ’. స్కెచ్చీ లాజిక్ అను చిన్న బృందమువారు, ఆట పూర్తికాకముందే దానిని కోరువారివద్ద కిక్‌స్టార్టరు ద్వారా చందాలు పోగుచేసి, 2015 డిసెంబరులో దానిని విడుదల చేసిరి. 2020 జనవరిలో నింటెండో స్విచ్ అను ఆటయంత్రమునకును అది వచ్చినది.

ఈ ఆటలోని వకీలు మనుష్యుడు కాడు, డేగ. అతని పేరు జేజే ఫాల్కన్. అతని శిష్యుడు స్పారోసన్, పిచ్చుక. ఎదుటిపక్షపు ప్రాసిక్యూటరు కొకొరికో యను కోడిపుంజు. కథ జరుగునది 1848వ సంవత్సరమున పారిస్ నగరమున. ఆ యేడు ఫిబ్రవరి 24వ తేదీన ప్రజావిప్లవము వలన ఫ్రాన్సు రాజగు లూయీ ఫిలిప్పు సింహాసనము వదలుకొనెను. ఆ తుపాను మునుముందు రానున్న దినములలో ఈ డేగ వకీలు వ్యాజ్యములు నడపును. అందలి బొమ్మలు నేటి చిత్రకారులు వ్రాసినవి కావు. 1847లో కాలధర్మము నొందిన గ్రాన్‌విల్ అను ఫ్రెంచి చిత్రకారుడు, మృగపక్షులకు కోట్లు టోపీలు తొడిగి మానవుల నడవడిని వెక్కిరించుచు వ్రాసిన బొమ్మలనే తీసికొని కదలించిరి. సంగీతము సాన్‌సాన్స్ అను ఫ్రెంచి విద్వాంసునిది. ఆయన 1886లో జంతువులపైననే ఒక సంగీతకృతిని కూర్చెను. పాతసొత్తును దుమ్ముదులిపి క్రొత్తపనికి వాడుకొనుట ఎట్టిదో ఇందు చూడవచ్చును.

ఇక ఆడినవారి తీర్పు. మెచ్చుకొన్నవారు అధికసంఖ్యాకులు. వారి మెప్పులో మొదటిది బొమ్మలకును హాస్యమునకును చెందినది. రెండవది మనకు ముఖ్యమైనది. ఈ ఆటలో ఓడినను కథ ఆగదు. విచారణకు ముందు వకీలునకు కొలదిదినములే గడువు. ఒక చోటికి పోయిన ఒక దినము గడచును. అన్నిచోట్లకు పోవుటకు వీలులేదు. ఎచ్చటికి పోవలెనో తానే నిశ్చయించుకొనవలెను. చూడవలసిన చోటు చూడక, సాక్ష్యము చేతలేక న్యాయస్థానమునకు పోయినచో జ్యూరీ నమ్మదు, ముద్దాయికి శిక్ష పడును. ఆ పాపము వకీలు నెత్తిన మోపి కథ ముందుకు సాగును. తుదకు కథ మూడు విధములుగ ముగియవచ్చును. మొదట చెప్పిన జపాను ఆటలో ఓడినవాడు వెనుకకు పోయి మరల ఆడి గెలుచును. ఇందు ఓటమికి ఫలితము కలదు. అందుచేత ఆడువానికి చేయి వణకును. అదియే దీని బలమని పెక్కుమంది అభిప్రాయము.

తప్పుపట్టినవారును కలరు. ఆట చిన్నది, త్వరలో ముగియునని కొందరు. గడువు మూలమున ఒక ఆధారము తప్పిపోయినచో మరల వెనుకకు మరలవలసివచ్చునని మరికొందరు. ఇవి ఈ యొక్క ఆటకు చెందిన మాటలు. ఈ తెగ ఆటలన్నిటిపైనను వినవచ్చు నిష్ఠురము వేరొకటి కలదు. సాక్షి అబద్ధమాడుచున్నాడని ఆడువాడు మూడు అంగలు ముందుగనే గ్రహించును. కాని గ్రంథకర్త ఏర్పరచిన వాక్యమువద్ద, గ్రంథకర్త తలచిన వస్తువునే చూపినగాని ఆట ఒప్పుకొనదు. అప్పుడు సత్యమును వెదకుట మాని, కల్పించినవాని మనస్సులో ఏమున్నదో ఊహింపవలసి వచ్చును. ఈ నిష్ఠురము న్యాయమైనదే. అయినను కోర్టుమెట్లు ఎక్కి దిగిన మీవంటివారు దీనికి చిన్న సమాధానము చెప్పగలరు. నిజమైన న్యాయస్థానమందును ఒప్పైన మాటను తప్పైన వేళ చెప్పిన చెల్లదు గదా.

పెద్దలారా! పక్షులు వ్యాజ్యమాడుట మనకు వింతయా? పంచతంత్రమున కుందేలును తిత్తిరిపక్షియు ఒక తొఱ్ఱకై తగవులాడి, ధ్యానముద్రలోనున్న పిల్లిని మధ్యస్థుగా కోరి, దగ్గరకు పోయి రెండును దానికి ఆహారమైనవి. న్యాయాధిపతి నెట్లు ఎన్నుకొనవలెనో ఆ కథ చెప్పినది. మరియొక కథలో ధర్మబుద్ధి, పాపబుద్ధి యను ఇరువురు మిత్రులు ధనమును చెట్టుక్రింద పాతిరి. పాపబుద్ధి దానిని దొంగిలించి, నేరము మిత్రునిపై వేసి, ఆ చెట్టునే సాక్షిగ పిలిచెను. తన తండ్రిని ముందుగనే తొఱ్ఱలో దాచియుంచెను. చెట్టు మాటలాడి ధర్మబుద్ధియే దొంగయని చెప్పగా అందరు విస్తుపోయిరి. ధర్మబుద్ధి వాదింపలేదు. తొఱ్ఱకు నిప్పు పెట్టెను. సాక్షి వెలికి వచ్చెను. మాటతో మాటను కొట్టక, వస్తువుతో మాటను పరీక్షించుట యన నిదియే. నేటి ఆటలన్నియు ఈ సూత్రముపై నిలిచినవి.

దీనికి నిజముగ జరిగిన ఉదాహరణము అమెరికా దేశమున కలదు. 1858లో, పిమ్మట దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకన్ వకీలుగనుండి ఒక హత్యావ్యాజ్యమున ముద్దాయి పక్షమున వాదించెను. రాత్రి పదునొకండు గంటల వేళ, దూరమునుండి, వెన్నెల వెలుగున చూచితినని ముఖ్యసాక్షి చెప్పెను. లింకన్ ఆ మాటను పలుమారు చెప్పించి, పిమ్మట హత్య జరిగిన సంవత్సరపు పంచాంగము తెప్పించి చూపెను. ఆ వేళకు చంద్రుడు అస్తమింప నుండెను. ముద్దాయి విడుదలయ్యెను. పంచాంగము మన యింట గోడకే వ్రేలాడుచుండును. వర్జ్యమునకు మాత్రమే గాక, సాక్షి నోటికి కూడ అది కొలబద్ద కాగలదని ఆ వకీలు చూపెను.

మన శాసనమును ఈ మార్గమునే నడచుచున్నది. 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులుగ, 2023లో చేయబడిన భారతీయ సాక్ష్య అధినియమము 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అందలి 148వ సెక్షను ప్రకారము, సాక్షి లోగడ చెప్పగా వ్రాతలోనున్న మాటకును ఇప్పటి మాటకును గల వైరుధ్యమును అతనికే చూపి క్రాసు పరీక్ష చేయవచ్చును. 139వ సెక్షను ప్రకారము, ఒక విషయమును రుజువు చేయుటకు ఇందరు సాక్షులు కావలెనను నియమము లేదు. సాక్షులను తూచవలెను గాని లెక్కింపరాదన్నమాట.

కాని ఆటకును న్యాయస్థానమునకును భేదములు కలవు. వానిని పిల్లలకు చెప్పవలసినవారు మనమే. ఆటలో వకీలు అసలు హంతకుని పట్టి యిచ్చినగాని ముద్దాయి బయటపడడు. మన న్యాయమున అట్లు కాదు. నేరము సందేహమునకు ఎడమీయక రుజువు చేయు భారము ప్రాసిక్యూషనుదే. ఆటలో జ్యూరీ కలదు. మన దేశమున 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడునందు జ్యూరీ విచారణకు తావు లేకపోయెను. అన్నిటికంటె పెద్ద భేదము మరియొకటి. ఆటలో అబద్ధసాక్షి పట్టుబడినంతనే చెమటలుగ్రక్కి నిజమొప్పుకొనును. ఊరిలో అట్లు జరుగదు.

ఇచ్చట మన సీమ మాట చెప్పక తప్పదు. కక్షలు రగిలిన పల్లెలలో కండ్లార చూచినవాడు చూడలేదనుటయు, చూడనివాడు చూచితిననుటయు మనమెరుగనివి కావు. ఒకనికి భయము, ఒకనికి బంధుత్వము, ఒకనికి పార్టీ. తుదకు చంపినవాడు ఇంటికి వచ్చును. చనిపోయినవాని బిడ్డలు కోర్టుగుమ్మమున నిలిచి చూతురు. న్యాయమచ్చట దొరకదని తోచిన బిడ్డ పెద్దవాడై దానిని కత్తితో వెదకును. ఒక్క అబద్ధసాక్ష్యము ఒక తరము పగకు విత్తనము. కనుక సాక్ష్యమును పరీక్షించు విద్య వినోదముకొరకు మాత్రమే కాదు; అది ఊరిని నిలుపు విద్య.

ఆ విద్య మనచేత చిరకాలముండెను. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ నుండిన సర్ థామస్ మన్రో, ఊరి తగవును ఊరివారు తీర్చుటయే మేలని వాదించెను. ఆయన పట్టుదలచేతనే 1816లో మద్రాసు రాజధానియందు గ్రామ మునసబులకును గ్రామ పంచాయతులకును చిన్న వ్యాజ్యములు విచారించు అధికారమొసగు రెగ్యులేషనులు వెలువడినవి. గవర్నరుగ నుండి మన సీమను చూడవచ్చి 1827 జూలై 6వ తేదీన కలరా తగిలి ఆయన కన్ను మూసినది పత్తికొండలోనే. మునసబు పదవి 1984లో ఇతర గ్రామోద్యోగములతోపాటు రద్దయ్యెను. ఆ పద్ధతియందు లోపములు లేవని నేననను. బలవంతుని మాట నెగ్గిన దినములును, పేదవాని నోరు మూయించిన దినములును కలవు. అయినను చిన్ననాడు రచ్చబండచుట్టు చేరిన పిల్లలకు, పెద్దలు ఒక మాటను పట్టుకొని ఎట్లు లాగుదురో చూచు అవకాశముండెను. “ఆ పొద్దు నీవు చేనికి పోతివంటివే, మరి వాగు పొంగియుండగా ఎట్లు దాటితివి?” అను ఒక్క ప్రశ్నతో అబద్ధము కూలుట వారు కన్నులార చూచిరి. నేటి పిల్లలకు ఆ పాఠశాల లేదు.

నేనొకనాడు మా మనుమని ప్రక్కన కూర్చుండి ఇట్టి ఆట చూచితిని. వాడొక వాక్యమును పట్టుకొని తప్పని నొక్కెను. న్యాయాధిపతి మందలించెను. మరల నొక్కెను, మరల మందలింపు. నేను ఊరకుండలేక, “సాక్షి చెప్పినదంతయు మొదటినుండి చదువు” మంటిని. వాడు విసుగుతోనే చదివెను. మూడవ వాక్యమువద్ద వాడే ఆగి, “తాతా, తలుపు మూసియుండెనని ముందు చెప్పినాడు, ఇప్పుడు లోపల చూచితినంటున్నాడు” అనెను. నేనేమియు చెప్పలేదు. ఆ రాత్రి భోజనమువేళ వాడు తన అన్నను కూడ అట్లే ప్రశ్నింపసాగెను. అది వేరు సంగతి.

కాబట్టి పెద్దలారా, నా మనవి యిది. ఆటలో కాలము వ్యర్థము చేయుమని పిల్లలకు చెప్పుట లేదు; చదువునకును నిద్రకును అది అడ్డము రారాదు. కాని వారు చూచుచున్నది ఇట్టి న్యాయపు ఆటయైనచో, దానిని లాగికొనుటకు ముందు ఒక్క జాము ప్రక్కన కూర్చుండుడు. ఏ వాక్యము నమ్మితివి, ఏల నమ్మితివి అని యడుగుడు. యంత్రము నేర్పలేని దొకటి కలదు. నిజము తెలిసినవాడు, భయమున్నను, నలుగురిలో నిలిచి చెప్పుట. అబద్ధమును పట్టు నేర్పు పిల్లలు ఆటలో సంపాదింపగలరు; నిజము చెప్పు గుండె మాత్రము వారు మనలను చూచియే నేర్వవలెను.

ఇంక సెలవు.