బురద లెక్క చెప్పే జెర్మేనియం

చీనీ తోటల సింహాద్రిపురం నుంచి పులివెందుల దాటి వేంపల్లె దారి పడితే వేముల మండలం వస్తుంది. తుమ్మలపల్లె యురేనియం గని అక్కడే. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. ఇక్కడి ఖనిజం డోలమైట్ జాతి రాయి. ఆమ్లం పోస్తే యురేనియం కంటే ముందు రాయే తాగేస్తుంది. అందుకే వేడి, పీడనం పెట్టి సోడా ద్రావణంతో కరిగిస్తారు. టన్ను రాయికి దక్కేది సుమారు అరకిలో. మిగతాదంతా బురదై కె.కె. కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది.

యురేనియం తీసేశాక ఇంకేముంటుందిలే అనుకుంటాం. కోట్ల ఏళ్లుగా అది క్షీణిస్తూ కన్న సంతానమంతా ఆ బురదలోనే ఉంటుంది. ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం దానిదే. అందులో థోరియం-230 సగానికి తగ్గాలంటే 75 వేల ఏళ్లు, రేడియం-226కు 1,600 ఏళ్లు పడుతుంది. ఏది ఎంతుందో చెప్పడం గైగర్ కౌంటర్ వల్ల కాదు. గుమ్మం దగ్గర గంట మోగినట్టు అది మోగుతుంది, వచ్చిందెవరో చెప్పదు.

ఆ పేరు చెప్పే యంత్రం గామా స్పెక్ట్రోమీటర్. 1948లో అమెరికాలో రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్, చిటికెడు థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికం మీద గామా కిరణం పడితే అది చక్కగా మెరుస్తుందని చూపించాడు. మెరుపు ఎంత ప్రకాశిస్తే కిరణం శక్తి అంత. గామా కిరణాలు వదిలే ప్రతి ఐసోటోపుకూ తనవైన శక్తులుంటాయి కాబట్టి మెరుపును కొలిస్తే మనిషి దొరికినట్టే. కాకపోతే పక్కపక్క శక్తులు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దయ్యేవి.

1960ల్లో కెనడాలోని చాక్ రివర్‌లో టావెండేల్, యువాన్ లిథియం చొప్పించిన జెర్మేనియంతో ఆ ముద్దను సన్నని గీతలుగా విడదీశారు. దాంతో ఒక పీడ కూడా వచ్చింది. డిటెక్టర్ ఎప్పుడూ ద్రవ నత్రజని చలిలోనే ఉండాలి. వెచ్చబడితే లిథియం కదిలిపోయి పాడైపోతుంది. పండగలేదు, సెలవులేదు, ఎవరో ఒకరు వచ్చి నత్రజని పోయాల్సిందే! 1970ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ హాల్ వంటివారు లిథియం అక్కర్లేనంత స్వచ్ఛమైన జెర్మేనియం పెంచి ఈ పీడ వదిలించారు. అందులో మలినం లక్ష కోట్ల అణువులకు ఒకటి కూడా ఉండదు. ఇప్పుడు కొలిచేటప్పుడు చల్లబరిస్తే చాలు.  

ఇంత యంత్రమున్నా కొలత ఒక్క పూటలో తేలదు. బురదను ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, ప్లాస్టిక్ డబ్బాలో నింపి, గాలి చొరకుండా మూత బిగించి సుమారు నెల రోజులు పక్కన పెడతారు. రేడియం సొంత గీత 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంది. యురేనియం-235 గీత కూడా దాదాపు అక్కడే. అర కిలో ఎలక్ట్రాన్ వోల్టు తేడాను జెర్మేనియం కూడా విడదీయలేదు. అందుకని రేడియాన్ని వదిలి దాని వారసుల వెంట పడతారు. మధ్యలో రాడాన్ అనే వాయువుంది, సందు దొరికితే జారుకుంటుంది. దాన్ని డబ్బాలో బంధిస్తే నెలకు రేడియంతో సమతూకానికి వస్తుంది. అప్పుడు డబ్బాను సీసపు ఇటుకల గూట్లో డిటెక్టర్ మీద పెట్టి, బిస్మత్-214 వదిలే 609 గీతను, సీసం-214 వదిలే 352 గీతను గంటల తరబడి లెక్కిస్తారు.

థోరియం-230 మాత్రం దీనికి సరిగా చిక్కదు, దాని గామా మరీ బలహీనం. రసాయనాలతో విడదీసి ఆల్ఫా కిరణాలు లెక్కించాలి.

అయితే పాండ్ దగ్గరి కె.కె. కొట్టాల రైతులు గోలపెట్టింది బోరు నీళ్ల గురించి, ఎండిన అరటి గురించి. నీటిలో ఉప్పు పెరిగిందా అన్నదానికి జెర్మేనియం దగ్గర జవాబు లేదు, దానికి మామూలు నీటి పరీక్షే కావాలి. తాగేనీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అంత కొంచెం పట్టుకోవడానికి ఫ్లోరిమీటర్ వాడతారు. నమూనాలో ఒక రసాయనం కలిపి కాంతి పడేస్తే యురేనియం పచ్చగా వెలుగుతుంది, ఆ వెలుగును బట్టి లెక్క కడతారు.