అయస్కాంతం పక్కన వోల్టేజి కాపలా

సూర్యాపేట జిల్లాలో మఠంపల్లి వైపు వెళితే మీకు సున్నపురాయి గనులూ, సిమెంటు ఫ్యాక్టరీలూ కనిపిస్తాయి. ఇట్టి ఫ్యాక్టరీలలో రాయిని మోసే బెల్టు పైన పెద్ద అయస్కాంతం వేలాడదీస్తారు. రాళ్ళలో ఏ బోల్టో, మేకో కలిస్తే అది పైకి లాగేస్తుంది. లేకపోతే మర పాడయిపోతుంది గదా!

ఆ అయస్కాంతానికి ఒక ఎలక్ట్రానిక్ వోల్టేజి రెగ్యులేటరును ఆనించి పెడితే ఏమవుతుంది?

ముందు రెగ్యులేటరు సంగతి చూద్దాం. ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆడితే దీపాలు మసకబారటం మీరు చూసే ఉంటారు. వచ్చే వోల్టేజి ఎట్లా ఉన్నా, లోపలి చిప్పులకు అందేది ఒక్కతీరుగా ఉండాలి. ఆ కాపలా రెగ్యులేటరుది. అందులో ఒక స్విచ్చి సెకనుకు లక్షలసార్లు మూసుకుని తెరుచుకుంటుంది. మూసినప్పుడు ఒక తీగచుట్ట శక్తిని అయస్కాంత రూపంలో దాచుకుంటుంది, తెరిచినప్పుడు తిరిగి ఇస్తుంది. చుట్ట చిన్నదైనా బలంగా ఉండటానికి దాన్ని ఫెర్రైటు అనే నల్లని పదార్థం మీద చుడతారు.

చిక్కంతా ఈ ఫెర్రైటుతోనే. సుమారు అర టెస్లా దగ్గర అది నిండిపోతుంది. (భూమి అయస్కాంతం మనవైపు టెస్లాలో సుమారు ఇరవై అయిదు వేలవ వంతే!) బయటి అయస్కాంతం దాన్ని ముందే నింపేస్తే, నిండుకుండలో నీళ్ళు పోసినట్టే. చుట్ట చాలా వరకు బలం కోల్పోతుంది. కరెంటు ఎగబాకి స్విచ్చి కాలిపోవచ్చు. చిత్రమేమంటే, చిప్పులోని ట్రాన్సిస్టర్లను అయస్కాంతం అంతగా బాధించదు.

రెగ్యులేటరును నాలుగడుగులు జరిపితే సరి. అయస్కాంతానికి దూరంగా పోయినకొద్దీ, దూరం రెట్టింపయితే బలం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

కాని జరపటానికి వీలులేని చోటు ఒకటుంది. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో, భూగర్భాన సి.ఎం.ఎస్. అనే యంత్రం ఉంది. దాని అయస్కాంతం బలం 3.8 టెస్లాలు! లోపలి పరికరాలకు తక్కువ వోల్టేజిలో బోలెడంత కరెంటు కావాలి. అంత కరెంటును దూరం నుంచి తెస్తే తీగలు లావెక్కాలి, శక్తి వేడిగా పోతుంది. అందుకని రెగ్యులేటర్లు అయస్కాంతం లోపలే ఉండక తప్పలేదు.

ఇంజనీర్లు ఫెర్రైటునే తీసేశారు! నిండటానికి ఏమీ లేదు, ఉన్నది గాలే. గాలిచుట్ట బలహీనం గనుక స్విచ్చిని సెకనుకు పది లక్షలసార్లకు పైగా ఆడించారు. 2017 లో వీటిని అమర్చారు. ఆ ఏడే కొన్ని చెడిపోయాయి కూడా. వెతికి చూస్తే దోషం అయస్కాంతానిది కాదు, అక్కడి రేడియేషనుది. అది చిప్పులోని ఒక ట్రాన్సిస్టరు నుంచి కరెంటు కారేట్టు చేసింది.