రెయిల్‌ మీద విన్యాసం.. ఒక్కో మెట్టే రక్ష!

మంచు వాలు మీద స్కీలతో జారుతూ రావటం. గాల్లోకి ఎగిరి ఇనుప రెయిల్‌ మీద అడ్డంగా వాలటం. దాని మీదే దిశ మార్చటం. చివర్లో గిర్రున తిరిగి మంచు మీదికి దిగటం. చూసేవారికి ఇదంతా ఒక్కటే విన్యాసం. ఒంటికి మాత్రం నాలుగు వేర్వేరు పనులు. వీటిల్లో ఏ ఒక్కటి పచ్చిగా ఉన్నా కింద ఎదురయ్యేది మెత్తటి మంచు కాదు, ఇనుము. అందుకే ఇలాంటి జోడింపు విన్యాసాలు నేర్చుకునేవారికి హెల్మెట్‌ ఎంత ముఖ్యమో, నేర్చుకునే వరుస కూడా అంతే ముఖ్యం.

రెయిళ్లు, ఎత్తు దుముకుళ్లు కలగలిసిన స్లోప్‌స్టైల్‌ స్కీయింగ్‌ 2014లో సోచి ఒలింపిక్స్‌తో పతకాల క్రీడగా మారింది. అప్పుడు పురుషుల విభాగంలో మూడు పతకాలూ అమెరికా క్రీడాకారులకే దక్కాయి. అక్కడి స్కీ కేంద్రాల్లో రెయిళ్లతో కూడిన టెర్రయిన్‌ పార్కులు మామూలే. డెన్వర్‌, సాల్ట్‌లేక్‌ సిటీ, సియాటిల్‌ వంటి నగరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ కొండలు దగ్గరే. మనవడు రెయిల్‌ మీద జారుతున్న వీడియో చూసి ఇక్కడ అమ్మమ్మ, తాతయ్యలు కంగారు పడటం సహజమే. నిజానికి కంగారు కన్నా ఏం జరుగుతోందో తెలుసుకోవటమే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంతకీ జోడింపు అంటే?

జారుతూ వచ్చేటప్పుడు స్కీలు ముందుకు చూస్తుంటాయి. రెయిల్‌ మీద అడ్డంగా నిలవటానికి పావు చుట్టు తిరిగితే చాలు. అదే ముప్పావు చుట్టు తిరిగి వాలితే ‘270 ఆన్‌’. రెయిల్‌ మీదే చిన్నగా ఎగిరి, అర చుట్టు తిరిగి, వెనక కాలును ముందుకు తెస్తే ‘స్వాప్‌’. చివర్లో ముప్పావు చుట్టు తిరిగి దిగితే ‘270 అవుట్‌’. ఎక్కేటప్పుడు తిరిగిన దిశకు వ్యతిరేకంగా తిరిగి దిగటం ‘ప్రెట్జెల్‌’. అప్పటివరకూ ఒకవైపు తిరిగిన శరీరాన్ని ఆపి, మరోవైపు తిప్పాలి కాబట్టి ఇది మరింత కష్టం. దీనికి నడుము, పొట్ట కండరాలు గట్టిగా ఉండాలి.

అసలు చిక్కు ఏంటంటే- మొదట్లో జరిగిన చిన్న పొరపాటు అక్కడితో ఆగదు. వాలేటప్పుడు ఒళ్లు కాస్త వెనక్కి ఒరిగితే స్వాప్‌లో ఆ ఒరుగు పెరుగుతుంది. దిగేసరికి అదే పడిపోవటంగా మారుతుంది. మొత్తం రెయిల్‌ దాటటానికి పట్టేది కొద్ది సెకన్లే. ఆలోచించి సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

మెదడుకు సమయమివ్వాలి

కొత్త కదలిక నేర్చుకునేటప్పుడు ప్రతి అడుగునూ ధ్యాస పెట్టి చేస్తాం. పదేపదే సాధన చేస్తున్నకొద్దీ ఆ పని చిన్నమెదడు, మెదడు లోపలి బేసల్‌ గ్యాంగ్లియా భాగాల అధీనంలోకి వెళ్తుంది. అప్పుడది తలచుకోకుండానే జరిగిపోతుంది. సైకిల్‌ తొక్కటం అలవాటైనట్టే. ఈ మార్పు స్థిరపడటానికి సాధన ఒక్కటే చాలదు, నిద్ర కూడా కావాలి. ఒక్క రోజులోనే అన్నీ నేర్చేసుకోవాలనుకోవటం అందుకే పనికిరాదు.

మొదటి విన్యాసానికే ధ్యాసంతా ఖర్చయిపోతుంటే రెండోదానికి మిగిలేదేమీ ఉండదు. దీన్ని గుర్తించటానికి ఒక తేలికైన మార్గముంది. మధ్యలో ఎవరైనా పలకరించినా తడబడకుండా ఆ ఒక్క విన్యాసాన్ని చేయగలుగుతున్నారా? పది సార్లలో తొమ్మిది సార్లు శుభ్రంగా వస్తోందా? అయితే దానికి మరొకటి జోడించుకోవచ్చు. లేకపోతే ఇంకా తొందరే.

వరుస ఇదీ

* ముందు నేల మీద: ఎగరటం, తిరగటం, మోకాళ్లు వంచి వాలటం ఇంటి పెరట్లోనే సాధన చేయొచ్చు. ట్రాంపొలీన్‌ మీదయితే శిక్షకుల సమక్షంలోనే.

* వెనక్కి జారటం: ముప్పావు చుట్ల విన్యాసాల్లో అనుకున్నంత తిరగలేకపోతే వెనక్కి జారుతూ దిగాల్సి వస్తుంది. మామూలు మంచు మీద ఇది ధీమాగా రాకుండా రెయిల్‌ జోలికి వెళ్లొద్దు.

* బాక్స్‌ తర్వాతే రెయిల్‌: వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉండే బాక్స్‌ మీద మొదలెట్టాలి. మోకాళ్లు కాస్త వంచి, బరువు రెండు పాదాల మధ్య ఉంచి, చూపు రెయిల్‌ చివర నిలపాలి. భయంతో వెనక్కి ఒరిగితే స్కీలు కింది నుంచి జారిపోతాయి. తుంటి, మోచేయి, తల ఇనుముకు కొట్టుకుంటాయి.

* రెండేసి చొప్పున: మామూలుగా ఎక్కి స్వాప్‌. మామూలుగా ఎక్కి 270 అవుట్‌. ఇలా జతలు కుదిరాకే మూడూ కలపాలి.

* వదిలేయటం: కుదరదనిపిస్తే పక్కకు మంచు మీదికి దిగిపోవటమూ ఒక నైపుణ్యమే. దాన్నీ సాధన చేయాలి.

* ‘చివరగా ఒక్కసారి’ వద్దు: కాళ్లు అలసిపోయాక తీర్పు, పట్టు రెండూ తగ్గుతాయి. ఇంకా ఓపిక ఉండగానే ఆపేయాలి.

దాగుండే దెబ్బలు

మోకాలు: మంచులో స్కీ ఇరుక్కుపోయి శరీరం తిరిగితే లోపలుండే ఏసీఎల్‌ అనే బంధనం తెగొచ్చు. టప్‌మన్న చప్పుడు, గంటల్లోనే వాపు దీని గుర్తులు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను ఊడకుండా మరీ బిగించటం మంచిది కాదు. బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యాన్ని బట్టి దుకాణంలో నిపుణులతోనే అమర్చుకోవాలి.

మణికట్టు: చేయి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్‌ ఎముక విరిగి ఉండొచ్చు. తొలిరోజు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే 10-14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. నిర్లక్ష్యం చేస్తే ఎముక అతుక్కోకుండా పోతుంది.

పొట్ట: రెయిల్‌ అంచు ఎడమ పక్కటెముకల కింద తగిలితే ప్లీహం చిట్లే ప్రమాదముంది. మొదట బాగానే అనిపించొచ్చు. తర్వాత కడుపునొప్పి, ఎడమ భుజం పైన నొప్పి, కళ్లు తిరగటం వంటివి మొదలైతే లోపల రక్తస్రావం అవుతుండొచ్చు. మూత్రంలో రక్తం పడితే కిడ్నీకి దెబ్బ తగిలిందని అనుమానించాలి. ఇవన్నీ అత్యవసరమే.

తలకు తగిలితే..

హెల్మెట్‌ తల గాయాల ముప్పును బాగా తగ్గిస్తుంది గానీ మెదడు అదిరిపోకుండా పూర్తిగా ఆపలేదు. స్పృహ తప్పకపోయినా మెదడుకు దెబ్బ తగలొచ్చు. తలనొప్పి, మబ్బుగా ఉండటం, అడిగిందే అడగటం, తూలటం వంటివి కనిపిస్తే ఆ రోజుకు ఆట ముగిసినట్టే. మరో దెబ్బ తగిలితే ముప్పు పెరుగుతుంది.

ఇక్కడో తికమక ఉంది. కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌ వంటి ఊళ్లు సముద్ర మట్టానికి 2,900 మీటర్లకు పైనే ఉంటాయి. అంత ఎత్తులో గాలి పలచబడి తలనొప్పి, వికారం రావటం మామూలే. అలాగని పడ్డాక వచ్చిన తలనొప్పిని ‘ఎత్తు వల్లే’నని కొట్టిపారేయొద్దు.

పదేపదే వాంతులు, ఫిట్స్‌, మగత పెరగటం, చేయి, కాలు బలహీనపడటం, మాట తడబడటం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. మెడ నొప్పి, తిమ్మిరి ఉంటే కదిలించకుండా స్కీ పెట్రోల్‌ సిబ్బందిని పిలవాలి. కెనడా క్రీడాకారిణి సారా బర్క్‌ 2012లో హాఫ్‌పైప్‌ సాధనలో పడినప్పుడు మెడలోని రక్తనాళం చిరిగి, ఆ తర్వాత ప్రాణాలు కోల్పోయారు. అది రెయిల్‌ మీద జరిగింది కాదు. కానీ మెడ దెబ్బను ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో అది చెబుతుంది.

మెదడు అదిరినవారికి రోజుల తరబడి చీకటి గదిలో పడుకోవటమే మందన్నది పాత మాట. ఒకట్రెండు రోజులు చదువు, ఫోన్‌, శ్రమ తగ్గించి, తర్వాత నెమ్మదిగా నడక మొదలెట్టాలి. లక్షణాలు పూర్తిగా పోయి, డాక్టర్‌ సరేనన్నాకే రెయిల్‌ మీదికి. అప్పుడు కూడా మళ్లీ బాక్స్‌ నుంచే.

ఫోన్‌లో ఇవి అడగండి

పిల్లల్ని భయపెట్టి మాన్పించటం కష్టం. ‘ఎందుకమ్మా ఇవన్నీ’ అంటే ఆ తర్వాత దెబ్బ తగిలినా చెప్పరు. దానికి బదులు హెల్మెట్‌ తలకు బిగువుగా ఉందా, ఇప్పుడు ఏ మెట్టులో ఉన్నావు, వెంట ఎవరుంటున్నారు అని అడగండి. చదువుకోవటానికి వెళ్లినవారైతే ఆరోగ్య బీమా ఇలాంటి ఆటల దెబ్బలకు వర్తిస్తుందో లేదో ముందే చూసుకోమనండి. ఖర్చుకు జంకి ఆసుపత్రికి వెళ్లకుండా గదిలోనే ఉండిపోతే చిట్లిన ప్లీహం గానీ, మెదడులో రక్తస్రావం గానీ ఆగదు. పడ్డప్పుడు దాచకుండా చెప్పే చనువు ఉంటే సగం ప్రమాదం తప్పినట్టే.