కొత్త బండి కొనే ముందు ఇంటిల్లిపాదీ ఎక్కి చూడండి



మా ఇంటి ముందున్న చిన్న పెట్రోలు కారు 2009లో కొన్నది. మా పిల్లలిద్దరూ దానిలో తిరుగుతూనే పెరిగారు. 2024లో దానికి పదిహేనేళ్లు నిండగా ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకొన్నాము. ఇంకా కొంతకాలము మనల్ని మోస్తుందిలే అనుకొన్నాము.

అయితే 2025 వర్షాకాలములో ఒక రాత్రి పొరుగింటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. ఆయన కుమారుడు పరుగున వచ్చి మా తలుపు తట్టాడు. నేను తాళము తిప్పితే బండి మూలిగింది గాని స్టార్టు కాలేదు. నలుగురము కలిసి నెట్టినా లాభము లేకపోయింది. చివరకు ఆటోలో ఆయనను ఆసుపత్రికి చేర్చాము. ఆయన బ్రతికారు. కాని ఆ రాత్రి పోగొట్టుకొన్న ఇరవై నిమిషాలు నా మనస్సులోనుండి పోలేదు. పల్లెటూరిలో కారు ఒక్క ఇంటిది కాదు. ఆపద వేళ ఊరంతటిది. అందుచేత బండి మార్చాలని నిర్ణయించుకొన్నాము.

"నాన్నగారూ, ఈసారి ఎత్తుగా ఉండే ఎస్.యు.వి. కొందాము" అన్నాడు మావాడు. నాకు కూడా ఆశ లేకపోలేదు. మా పల్నాటి నల్లరేగడి దారులలో పాత కారు అడుగు రాయికి తగిలిన ప్రతిసారీ నా ప్రాణము విలవిలలాడేది. పాత చిన్న కార్లకు నేలకు, బండి అడుగుకు మధ్య 160, 170 మిల్లీమీటర్ల ఎడము ఉంటే బ్రెజ్జా, నెక్సాన్, సోనెట్ వంటి బండ్లకు అది 200 దరిదాపులలో ఉంటుంది. ఆ రెండంగుళాలలోపు తేడాయే మా దారిలో పెద్ద మేలు. మన రాష్ట్రములోని పెనుకొండ దగ్గరనే సోనెట్ తయారవుతుందని మావాడు గర్వముగా చెప్పాడు.

ఈ బండ్లన్నీ నాలుగు మీటర్ల పొడవుకు లోపుగానే ఎందుకుంటాయో తెలుసా? పన్ను కారణముగానే. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. దాటకుండా ఉంటే దానిని చిన్న కారుగా లెక్కిస్తారు. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టి కార్లకు జి.ఎస్.టి. 18 శాతమునకు తగ్గింది. అంతకు పూర్వము సెస్సుతో కలిపి పెట్రోలుకు 29, డీజిలుకు 31 శాతము ఉండేది. ఇంజను అంతకంటె పెద్దదైతే పొడవు తక్కువైనా 40 శాతము కట్టాలి. బ్రెజ్జాకు 1462 సి.సి. పెట్రోలు ఇంజను గనుక అది ఆ రెండవ లెక్కలోనికి వస్తుంది. కాబట్టి పొడవు ఒక్కటే కాదు, ఇంజను కూడా అడిగి తెలుసుకోండి.

మొదట నేను, మావాడు గుంటూరు వెళ్లి మూడు బండ్లు నడిపి చూశాము. షోరూము ముందు నున్నని నాలుగు వరుసల రోడ్డు. ఏ.సి. చల్లగా, పాట మెల్లగా. మూడూ బాగున్నాయి! ఇంటికి తిరిగి వస్తూ ఆలోచిస్తే, మూడింటికీ తేడా ఏమిటో నేను చెప్పలేకపోయాను. అప్పుడు నా ఇల్లాలు అన్నది: "నడిపేది మీరొక్కరే. ఎక్కేది అయిదుగురము. మమ్ములను ఎక్కించకుండా ఎట్లా తెలుస్తుందండీ?"

ఆ మాట నా కళ్లు తెరిపించింది. షోరూముల వారికి ఫోను చేసి అడిగితే బండిని ఇంటికే పంపుతామన్నారు. ఒక్కొక్క రోజు ఒక్కొక్క బండి వచ్చింది. ఈసారి అయిదుగురము ఎక్కి, డిక్కీలో 25 కిలోల బియ్యపు బస్తా వేసి, ఏ.సి. పెట్టి, మా ఊరి గుంటల దారిలోనే నడిపాము. అప్పుడు బండ్ల గుణము బయటపడింది. ఒకటి ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడింది. ఒకదానిలో వెనుక మధ్యలో కూర్చున్న అమ్మాయికి మోకాళ్లు పెట్టుకొనే చోటు లేదు. అన్నిటికంటె ముఖ్యము మా అమ్మగారి సంగతి. ఆమెకు డెబ్బైరెండేళ్లు, మోకాళ్ల నొప్పి. ఒక బండి దగ్గర కాలు పైకెత్తలేక తలుపు పట్టుకొని నిలబడిపోయి, "నాయనా, ఇది ఊరందరినీ మోస్తుందేమో గాని నేను దీన్ని ఎక్కలేను" అన్నది. మరొక దానిలో వెనక్కు తిరిగి కూర్చొని, కాళ్లు లోపలికి తిప్పుకొన్నది. మా పరీక్ష అక్కడే సగము ముగిసింది.

వాగు మీది చప్టా దగ్గరకు వచ్చినప్పుడు మావాడు, "ఇక వాన వచ్చినా మనకు భయము లేదు" అన్నాడు. నేను బండి ఆపి చెప్పాను: "ఈ ఎత్తు రాళ్ల కోసమే, వరద కోసము కాదు." అడుగు లోతు నీళ్లే చిన్న కారును తేల్చగలవు. రెండడుగుల ప్రవాహము ఎస్.యు.వి.ని సహితము ఈడ్చుకొనిపోగలదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఏ బండినైనా ఇవతలనే ఆపాలి. ఎత్తైన బండి ధైర్యము ఇస్తుంది. ఆ ధైర్యమే ప్రాణము తీయకూడదు.

భద్రత విషయములో మరొక మాట. మన దేశములో కార్లను గుద్దించి పరీక్షించి నక్షత్రాలు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చింది. నెక్సాన్ అంతకు ముందే, 2018లో, గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు పొందింది. ఎన్ని నక్షత్రాలున్నా, ఆరు ఎయిర్‌బ్యాగులున్నా, వెనుక కూర్చున్నవారు కూడ బెల్టు పెట్టుకొంటేనే పూర్తి ఫలము. అమ్మగారికి బెల్టు అందుతుందా, నొక్కితే ఊడుతుందా అని కూడ చూశాము.

ఇక అప్పు సంగతి. షోరూములో "నెలకు కొంచెమే" అంటారు. ఆ కొంచెము ఎన్నేళ్లో లెక్క వేయండి. 8 లక్షలు 9 శాతము వడ్డీకి ఏడేళ్లకు తీసుకొంటే నెలకు సుమారు 12,870 రూపాయలు; మొత్తము వడ్డీ 2 లక్షల 81 వేలు. అయిదేళ్లకైతే నెలకు 16,600. వడ్డీ 1 లక్షా 96 వేలు. అంటే నెలసరి కొద్దిగా తగ్గించుకొన్నందుకు ఇంచుమించు 85 వేలు ఎక్కువ కడతామన్నమాట. ఎక్స్ షోరూము ధర మీద జీవితపు పన్ను, ఇన్సూరెన్సు కూడ ఉంటాయి గనుక రోడ్డు మీదికి వచ్చే ధరను కాగితము మీద వ్రాయించుకొనండి.

ఆ రాత్రి అందరము కూర్చొని లెక్క చూచుకొన్నాము. పైకప్పు తెరుచుకొనే అద్దము ఉన్న రకము మావాడికి ఇష్టము. దాని బదులు ఆరు ఎయిర్‌బ్యాగులున్న కింది రకము చాలునని, మిగిలిన సొమ్ముతో అప్పు తగ్గించుకొందామని వాడే చివరకు అన్నాడు. అమ్మగారు సులువుగా ఎక్కిన బండినే ఎంచుకొన్నాము.

బండి వచ్చిన సాయంత్రము మొదట ఎక్కించినది పొరుగింటి పెద్దాయననే. ఆయన సీటు తడిమి చూచి, "పంతులుగారూ, ఇక ఆటో పిలవనక్కరలేదన్నమాట" అని నవ్వారు. మీరు కూడ బండి మార్చదలచుకొంటే తొందరపడకండి. మీ ఇంటి పెద్దవారిని, పిల్లలను, బియ్యపు బస్తాను ఎక్కించి మీ ఊరి దారిలోనే నడిపి చూడండి. మీకు తగినది ఏదో ఆ దారే చెబుతుంది.